స్పైవేర్ దూరిన ఇంటి కంప్యూటర్‌కు ఏం చేయాలి: బాబాయి ఉత్తరం

చిరంజీవి బాబుకి, ఆశీస్సులు.

నీ కంప్యూటర్ లక్షణాలు చదివాను. బ్రౌజర్ తెరవగానే నువ్వు పెట్టుకోని సెర్చ్ పేజీ రావడం, ఏ సైట్ చూస్తున్నా మూలన ప్రకటనలు లేవడం, ఏ పనీ చేయకపోయినా ఫ్యాను హోరెత్తడం. ఫ్యాను సంగతి ఒక్కటే అయితే దుమ్మో, విండోస్ అప్‌డేటో అనుకోవచ్చు. మిగతా రెండూ జతగా ఉన్నాయి కాబట్టి స్పైవేర్, అంటే నీకు తెలియకుండా నిన్ను గమనించే దొంగ ప్రోగ్రాం, ఏదో దూరిందనే లెక్కతో పని మొదలుపెట్టు. ప్రకటనలు చూపించే రకం అల్లరి చేసి తనను తానే బయటపెట్టుకుంటుంది. పాస్‌వర్డ్‌లు దోచే రకం చడీచప్పుడు చేయదు. రెండూ ఒకే ఇన్‌స్టాలర్‌లో కలిసి రావడం మామూలే కనుక ప్రకటనలు ఆగిన రోజునే చేతులు దులుపుకోకు.

ముందు వైఫై ఆపు, వైరుతో నెట్ వస్తుంటే ఆ వైరు పీకెయ్యి. నెట్ లేకపోతే అది దోచింది బయటికి పంపలేదు, కొత్త సరుకు దించుకోలేదు. ఆ కంప్యూటర్‌ను అలాగే ఉంచి, శుభ్రంగా ఉందని నమ్మకమున్న ఫోన్ నుంచి గానీ మరో కంప్యూటర్ నుంచి గానీ పాస్‌వర్డ్‌లు మార్చు. చాలామంది ఈ పనిని ఆఖరికి, అదీ ఆ జబ్బు కంప్యూటర్ మీదే చేస్తారు. మీటల నొక్కుళ్ళు రాసుకునే కీలాగర్ లోపల ఉంటే కొత్త పాస్‌వర్డ్ కూడా అప్పుడే దొంగకు చేరుతుంది.

మొదట ఈమెయిల్. మిగతా ఖాతాలన్నిటి రీసెట్ లింకులూ దానికే వస్తాయి కాబట్టి. తర్వాత బ్యాంకు, ఆ తర్వాత మిగిలినవి. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన సరిపోదు. ఇప్పటి దొంగ సాఫ్ట్‌వేర్లు బ్రౌజర్‌లోని కుకీలను ఎత్తుకుపోతాయి. నువ్వు అప్పటికే లాగిన్ అయి ఉన్నావని సైట్‌కు చెప్పే గుర్తు వాటిలోనే ఉంటుంది. అది చేజిక్కితే పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. అందుకే ప్రతి ఖాతా సెక్యూరిటీ పేజీలో అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ చేసే మీట వెతికి నొక్కు. పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ లాంటి రెండో రుజువు కూడా అడిగే రెండంచెల ధ్రువీకరణ లేనిచోట పెట్టుకో. ఈమెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు, రికవరీ ఫోన్ నంబరు ఈ మూడూ చూడు. నీ ఉత్తరాల నకలు తనకు వచ్చేలా ఒక్క ఫార్వర్డింగ్ నియమం పెట్టుకున్నవాడికి నువ్వు పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా లోటు లేదు.

ఇక కంప్యూటర్ దగ్గరికి రా. ఫొటోలు, డాక్యుమెంట్లు బయటి డ్రైవ్‌లోకి ఎక్కించి, వెంటనే డ్రైవ్ తీసి పక్కన పెట్టు. ఇన్‌స్టాలర్లు, డాట్ ఈఎక్స్‌ఈ ఫైళ్ళు, ఎక్కడివో గుర్తులేని జిప్‌లు మాత్రం ఎక్కించకు.

సెట్టింగ్స్‌లో యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్‌కు వెళ్ళి తేదీ వరసలో పేర్చు. తిప్పలు మొదలైన రోజున గానీ, దానికి ఒకటి రెండు రోజుల ముందు గానీ వచ్చినవే ముందు అనుమానితులు. ఫ్రీ పీడీఎఫ్ కన్వర్టర్లు, డ్రైవర్ అప్‌డేటర్లు, కూపన్లు వెతికిపెట్టేవి, పీసీ వేగం పెంచుతామనేవి అక్కడ ఎక్కువగా తగులుతాయి. తీసేసేటప్పుడు వచ్చే పెట్టెలోని ప్రశ్న నింపాదిగా చదువు. ఉంచే మీటను పెద్దగా, రంగులో పెట్టి, తీసేసే మీటను బూడిద రంగులో సన్నగా పెట్టడం వాళ్ళ అలవాటు.

తర్వాత బ్రౌజర్. ఎక్స్‌టెన్షన్ల పేజీ తెరిచి, నువ్వు పెట్టనివన్నీ తీసెయ్యి. నువ్వు పెట్టినవీ ఒకసారి చూడు. మంచి ఎక్స్‌టెన్షన్‌ను రాసినవాడు వేరొకరికి అమ్మేశాక అది చెడిన సందర్భాలున్నాయి. ది గ్రేట్ సస్పెండర్ అనే పేరున్న ఎక్స్‌టెన్షన్‌ను అలాగే చేతులు మారాక 2021లో గూగుల్ తన స్టోర్ నుంచి తీసేసింది. తీసే మీట పనిచేయకుండా, బ్రౌజర్ మెనూ అడుగున మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్ అని కనిపిస్తే, ఆఫీసుతో సంబంధం లేని ఇంటి కంప్యూటర్‌లో దాన్ని గట్టిగా అనుమానించు. కొన్ని యాంటీవైరస్‌లూ ఆ ముద్ర వేస్తాయి గానీ, దొంగ ఎక్స్‌టెన్షన్ తనను తీసేయకుండా పాలసీ, అంటే బ్రౌజర్ మీద ఒక నియమం, రాసుకున్నప్పుడూ అదే కనిపిస్తుంది. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీని తెరిచే రిజిస్ట్రీ ఎడిటర్‌లో హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, పాలసీస్, గూగుల్ కింద క్రోమ్ అనే శాఖ ఉంటే, దాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకున్నాకే తొలగించు. హెచ్‌కీ కరెంట్ యూజర్ కింద కూడా అదే దారిలో చూడు. ఆఫీసు లాప్‌టాప్ అయితే ఈ పని అసలు చేయకు, వాళ్ళ ఐటీ వాళ్ళకు అప్పగించు.

మూలన లేచే ప్రకటనల్లో చాలావరకు ఏ వైరసూ ఉండదు. ఎప్పుడో ఏదో సైట్ అడిగితే నోటిఫికేషన్లకు అలో నొక్కి ఉంటావు. సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల జాబితా ఖాళీ చేస్తే సగం గోల అక్కడే తీరుతుంది. చివరగా బ్రౌజర్‌ను రీసెట్ చెయ్యి. బుక్‌మార్కులు పోవు, ఎక్స్‌టెన్షన్లన్నీ ఆగిపోతాయి. రీసెట్‌కు ముందే సింక్ ఆపు, లేకపోతే అదే ఖాతాతో నడిచే ఇంకో కంప్యూటర్ నుంచి తీసేసిన ఎక్స్‌టెన్షన్ తిరిగి దిగుతుంది.

స్కాన్ ఇప్పుడు. విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ ఉండే విండోస్ సెక్యూరిటీలోకి వెళ్ళగానే ముందు ఎక్స్‌క్లూజన్స్ జాబితా చూడు. స్కాన్ చేయొద్దని మినహాయించిన చోట్లు అందులో ఉంటాయి. దూరగానే తన ఫోల్డర్‌నో, ఏకంగా సీ డ్రైవ్ మొత్తాన్నో అక్కడ చేర్చేసే స్పైవేర్లున్నాయి. ఆ మినహాయింపు ఉన్నంతసేపు ఎన్ని స్కాన్లు చేసినా ఏమీ లేదనే చెబుతుంది. నువ్వు పెట్టనివన్నీ తీసెయ్యి. కొద్దిసేపు నెట్ కలిపి డెఫినిషన్లు, అంటే దొంగ ప్రోగ్రాముల ఆనవాళ్ళ జాబితా, తాజా చేసుకుని, ఫుల్ స్కాన్ పెట్టు. గంటలు పట్టవచ్చు. అది ముగిశాక అక్కడే ఉండే డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడుపు. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ లేవకముందే వెతుకుతుంది కాబట్టి నడుస్తూ దాక్కునేవి ఇక్కడ దొరికిపోతాయి. ఇది పావుగంట పని. డిస్క్‌కు బిట్‌లాకర్ అనే విండోస్ తాళం ఉంటే రికవరీ కీ దగ్గర పెట్టుకుని మొదలుపెట్టు, అడగవచ్చు.

రెండో అభిప్రాయానికి మాల్‌వేర్‌బైట్స్ ఉచిత వెర్షన్, ప్రకటనల రకానికి ఆడ్‌డబ్ల్యూక్లీనర్ చాలు. మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ కూడా మంచిదే, కానీ దించుకున్న 10 రోజులకు దాని గడువు తీరుతుంది, మళ్ళీ కొత్తది దించుకోవాలి. వీటి కోసం సెర్చ్‌లో పైన వచ్చే ప్రకటన లింకు నొక్కకు, అసలు సైట్ చిరునామా టైప్ చేసి వెళ్ళు. ఎప్పుడూ కాపలా ఉండే యాంటీవైరస్‌లు రెండు పెట్టుకోవద్దు. ఒకటి తెరిచిన ఫైల్‌ను రెండోది అడ్డుకుని కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది.

స్కాన్ తీసేసింది రీస్టార్ట్ చేయగానే తిరిగి వస్తుంటే, దాన్ని మళ్ళీ లేపే మీట ఎక్కడో ఉంది. దాన్ని పట్టడానికి కంప్యూటర్ లేవగానే వాటంతటవే నడిచేవాటిని చూపించే, మైక్రోసాఫ్ట్ వాళ్ళదే అయిన సిస్‌ఇంటర్నల్స్ ఆటోరన్స్ దించుకుని, అడ్మినిస్ట్రేటర్‌గా నడిపి, మైక్రోసాఫ్ట్ ఎంట్రీలను దాచు. మిగిలినవాటిలో పబ్లిషర్ పేరు లేనివి, యాప్‌డేటా లేదా టెంప్ ఫోల్డర్ల నుంచి నడిచేవి చూడు. ముందే డిలీట్ చేయకు, టిక్ తీసి రీస్టార్ట్ చేసి చూడు. నీ ప్రింటర్ ఆగిపోతే టిక్ తిరిగి పెట్టుకోవచ్చు. వేళకు పనులు నడిపే టాస్క్ షెడ్యూలర్‌లో కూడా చూడు, గంటకోసారి పవర్‌షెల్ అనే ఆదేశాల ప్రోగ్రామును లేపి పోయిన ఫైల్‌ను తిరిగి దించే పనులు తరచూ అక్కడే దొరుకుతాయి. నడుస్తున్నందువల్ల చెరగని ఫైల్ ఉంటే షిఫ్ట్ మీట పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ మీదుగా మళ్ళీ రీస్టార్ట్ నొక్కాక 4 నొక్కి, విండోస్ అత్యవసరమైనవాటితోనే లేచే సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి చెరుపు.

అన్నీ పోయినా సైట్లు తప్పుదారి పడుతుంటే మూడు చోట్లు మిగిలాయి. ఒకటి, నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో నువ్వు పెట్టని ప్రాక్సీ, అంటే నీ నెట్‌ను తన గుండా మళ్ళించే మధ్యవర్తి సర్వర్. రెండు, సిస్టమ్32 లోపల డ్రైవర్స్, ఈటీసీ ఫోల్డర్‌లో ఉండే, ఏ సైట్ పేరుకు ఏ చిరునామానో రాసుకునే హోస్ట్స్ ఫైల్. మూడు, రౌటర్‌లో మారిపోయిన డీఎన్ఎస్, అంటే సైట్ పేరుకు చిరునామా వెతికి చెప్పే సేవ. మూడోదైతే ఇంట్లో ఫోన్లకూ అవే తిప్పలు ఉంటాయి. రౌటర్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేసి, దాని అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చు.

ఇంత వెతుకులాటకు ఒక హద్దు పెట్టుకో. రెండు విడతలు శుభ్రం చేశాక కూడా తిరిగి వచ్చినా, స్కాన్ ఫలితంలో స్టీలర్, బ్యాక్‌డోర్, రిమోట్ యాక్సెస్ అనే మాటలు కనిపించినా, ఆపి విండోస్ మళ్ళీ ఎక్కించు. పాస్‌వర్డ్‌ల దొంగ ఉన్న కంప్యూటర్‌ను ఇంకా బాగుచేస్తూ కూర్చోవడం నాకు నచ్చదు. లోపల ఇంకేం మిగిలిందో ఏ స్కానరూ హామీ ఇవ్వదు. రీసెట్ దిస్ పీసీలో అన్నీ తీసేసే దారి, క్లౌడ్ డౌన్‌లోడ్ ఎంచుకో. ఇంకా గట్టిగా కావాలంటే శుభ్రమైన మరో కంప్యూటర్‌లో కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్‌తో ఇన్‌స్టాలర్ చేసుకుని, డిస్క్‌లోని పాత భాగాలు, అంటే పార్టిషన్లు, చెరిపి ఎక్కించు. డిజిటల్ లైసెన్స్ ఆ యంత్రానికే ముడిపడి ఉంటుంది కాబట్టి అదే ఎడిషన్ ఎక్కిస్తే నెట్ కలపగానే మామూలుగా యాక్టివేట్ అవుతుంది.

తిరిగి రాకుండా ఏం చేయాలంటే, రోజువారీ పనికి సిస్టమ్ మొత్తాన్ని మార్చే హక్కు లేని స్టాండర్డ్ ఖాతా పెట్టుకో. అడ్మిన్ ఖాతా వేరే పాస్‌వర్డ్‌తో పక్కన ఉండనీ. ఏదైనా సిస్టమ్ అంతటా ఇన్‌స్టాల్ కావాలంటే ఆ పాస్‌వర్డ్ అడుగుతుంది, అడిగిన ఆ క్షణంలో నువ్వు ఆగి ఆలోచిస్తావు. ఇది అన్నిటినీ ఆపదు, నీ ఖాతాలోనే నడిచే దొంగలూ ఉన్నాయి, అయినా లోతుగా వేళ్ళూనకుండా చేస్తుంది. విండోస్ సెక్యూరిటీలో యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్ కింద పొటెన్షియల్లీ అన్‌వాంటెడ్ యాప్ బ్లాకింగ్ ఆన్ చెయ్యి. ఫైల్ పేర్ల చివరి భాగం కనిపించేలా పెట్టు, అప్పుడు బిల్లు డాట్ పీడీఎఫ్ వెనక దాగిన డాట్ ఈఎక్స్‌ఈ బయటపడుతుంది. ఏ ఉచిత ప్రోగ్రామైనా ఎక్కించేటప్పుడు ఎక్స్‌ప్రెస్ వదిలి కస్టమ్ ఎంచుకుని, అదనపు టిక్కులన్నీ తీసెయ్యి. నీది ఇంకా విండోస్ 10 అయితే 2025 అక్టోబర్ 14తో దాని మామూలు సపోర్ట్ ముగిసింది. కుదిరితే 11కు మారు, లేదంటే పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్లకు నమోదు చేసుకో.

క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్, విండోస్ యాక్టివేటర్ల జోలికి పోకు. వాటిని నడపాలంటే యాంటీవైరస్ ఆపమని వాళ్ళే చెబుతారు, దొంగకు తాళంచెవి ఇచ్చి కాపలావాణ్ణి సెలవు మీద పంపడం లాంటిది అది. రిజిస్ట్రీ క్లీనర్లు కూడా వద్దు, వాటితో ఒరిగేదేమీ లేదు. పైగా 2017లో అలాంటిదే సీక్లీనర్ అనే ప్రోగ్రాం 5.33 వెర్షన్ దాని అసలు సర్వర్ల నుంచే మాల్‌వేర్‌తో కలిసి వెళ్ళింది.

కొత్త మోసం ఒకటి బాగా నడుస్తోంది. నువ్వు మనిషివని నిరూపించుకోమంటూ ఒక పేజీ వస్తుంది. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కు, కంట్రోల్ వీ నొక్కు, ఎంటర్ కొట్టు అంటుంది. నీకు తెలియకుండానే క్లిప్‌బోర్డ్‌లో పెట్టిన ఆదేశాన్ని నీ చేతులతోనే నడిపిస్తారన్నమాట. ఏ అసలైన క్యాప్చా కూడా రన్ పెట్టె తెరవమనదు. నీ కంప్యూటర్‌లో వైరస్ ఉందని సైరన్ మోగించే పేజీ వస్తే అందులోని నంబరుకు ఫోన్ చేయకు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ముగించు, మళ్ళీ తెరిచినప్పుడు పాత పేజీలను రీస్టోర్ చేయకు.

ఇదంతా నీకు తెలియని ఎవడో చేసిన పనే అనుకుని చెప్పాను. తెలిసినవాళ్ళే నిఘా పెట్టారని అనుమానం ఉంటే వెంటనే తీసేయకు. తీసిన సంగతి వాళ్ళకు తెలిసిపోతుంది, ఆధారమూ పోతుంది. ముందు నీ భద్రత చూసుకుని, ఆ కంప్యూటర్ కాని వేరే పరికరం నుంచి సాయం అడుగు. డెస్క్‌టాప్ వెనక కీబోర్డ్ వైరుకూ యూఎస్‌బీ పోర్టుకూ మధ్య చిన్న ముక్క ఏదైనా ఉందేమో కూడా చూడు. హార్డ్‌వేర్ కీలాగర్‌ను ఏ స్కానూ పట్టదు.

విండోస్ మళ్ళీ ఎక్కించకుండానే శుభ్రమైతే, సిస్టమ్ ప్రొటెక్షన్‌లో, కంప్యూటర్‌ను వెనకటి స్థితికి తిప్పడానికి దాచిన పాత రీస్టోర్ పాయింట్లు చెరిపి కొత్తది పెట్టు. పాతవాటిలో ఆ స్పైవేరే నిద్రపోతూ ఉండవచ్చు. ఒక నెలపాటు ఈమెయిల్, బ్యాంకు ఖాతాల లాగిన్ చరిత్ర వారానికోసారి చూస్తుండు. బయటి డ్రైవ్‌లోని ఫైళ్ళను తిరిగి ఎక్కించే ముందు ఆ డ్రైవ్‌నూ స్కాన్ చెయ్యి.

మీ బాబాయి