సగ్గుబియ్యం బియ్యం కాదు, మరి పేరు తప్పా?

సందేహం: వేరుశనగ శనగ కాదు, సగ్గుబియ్యం అసలు గింజే కాదు, జెముడుకాకి కాకి కాదు. ఈ పేర్లన్నీ తెలియక పెట్టినవేనా? నిప్పుకోడి అనే బదులు ఉష్ట్రపక్షి అని రాస్తే సరిపోతుందా?

సమాధానం: తెలియక పెట్టినవి కావండీ. కొత్తది ఏదైనా కంటబడితే జనం దానికోసం కొత్త మాట పుట్టించరు, అప్పటికే వాడుకలో ఉన్నవాటిలో దగ్గరగా అనిపించిన మాటను పట్టుకుని ముందు ఒక గుర్తు తగిలిస్తారు. మొక్కజొన్న, సీమచింత, బంగాళాదుంప ఇలా వచ్చినవే. మూడూ అమెరికా ఖండాల పంటలు, కొలంబస్ 1492లో అటు వెళ్లాకే మిగతా ప్రపంచానికి చేరాయి. సీమచింతలో సీమ అంటే రాయలసీమ కాదు, విదేశం. కాబట్టి ఇలాంటి పేర్లలో చివరి మాటను జాతి అనుకోకండి, అది పోలిక మాత్రమే.

వేరుశనగలో తిరకాసు 'శనగ' దగ్గర కన్నా 'వేరు' దగ్గర ఎక్కువ. కాయ వేరుకు కాయదు. పసుపు పువ్వు నేలపైనే పూస్తుంది, అది వాడాక దాని అడుగు నుంచి సన్నని ఊడ సాగి మట్టిలోకి దిగుతుంది, ఆ ఊడ కొసన కాయ ఊరుతుంది. ఊడలు దిగే సమయం రైతులకు బాగా తెలుసు, అయినా మొక్కను పీకితే వేళ్లతో పాటే కాయలూ వస్తాయి కాబట్టి పేరు అలా స్థిరపడింది. రాయలసీమలో ఆ 'వేరు' కూడా తీసేసి చెనక్కాయలనే అంటారు.

సగ్గుబియ్యం కథ ఇంకా చిత్రం. సగ్గు అన్నది మలయ్ మాట, ఒక రకం తాటిజాతి చెట్టు, దాని మాను లోపలి పిండి. మన దగ్గర సగ్గుబియ్యం చేసేది ఆ చెట్టుతో కాదు, కర్రపెండలంతో. దుంపను దంచి, పాలు తీసి, అడుగున పేరుకున్న తడిపిండిని ఊపుతూ ఉంటే పూసలు కడుతుంది. అంటే సగ్గూ కాదు, బియ్యమూ కాదు! సరుకు మారిపోయినా పేరు మారలేదు, మాటల్లో నాకు బాగా నచ్చే సంగతి ఇదే.

ఇక పక్షులు. జెముడుకాకి ఒళ్లు నల్లన, రెక్కలు ఇటుక రంగు, కళ్లు ఎర్రన. ఆ నలుపు చూసే కాకి అన్నారు, నిజానికి కోకిల కుటుంబానిది, కాకపోతే కోకిలలా ఇంకొకరి గూట్లో గుడ్లు పెట్టదు, సొంత గూడు కట్టుకుంటుంది. నీటికాకీ అంతే, కాకి కాదు. దాని ఇంగ్లీషు పేరు కార్మొరెంట్ కూడా లాటిన్‌లో 'సముద్రపు కాకి' అనే అర్థం ఉన్న మాట నుంచే వచ్చింది.

నిప్పుకోడి కోడి కాదు, నిప్పులు మింగుతుందన్నది పాత నమ్మకం. మింగేది రాళ్లను, మేత అరగడానికి. అయితే ఉష్ట్రపక్షి అంటే ఒంటె పక్షి కదా, అదీ పోలికే! శాస్త్రీయ నామం స్ట్రుతియో కామెలస్‌లోనూ ఒంటె ఉంది. సంస్కృతంలో ఉన్నంత మాత్రాన ఎక్కువ సరైనది అయిపోదు. పిల్లలకు తెలిసిన మాట నిప్పుకోడి, నిశ్చింతగా అదే రాయండి.