'ఇటుకరాళ్ల చర్చి' అనవచ్చా?

సందేహం: బల్గేరియాలో నల్లసముద్రం ఒడ్డున నెసెబర్ అనే పాత పట్టణముంది. అక్కడి క్రీస్తు ప్యాంటోక్రేటర్ చర్చి గురించి రాస్తూ 'ఇటుకరాళ్లతో చెక్కిన చిన్న చర్చి' అన్నాను. ఇటుక రాయి కాదు కనుక 'ఇటుకరాయి' తప్పని ఒక మిత్రుడి అభ్యంతరం. నిజమేనా?

సమాధానం: ఆ మాట తప్పు కాదు. మామిడిచెట్టు లాంటిదే ఇదీ, 'ఇటుక అనే రాయి' అని విగ్రహవాక్యం. సంభావనా పూర్వపద కర్మధారయం. గోడ కట్టే దిమ్మను రాయి అనడం మనకు అలవాటే. సిమెంటు రాయి అనడం లేదూ?

మీ వాక్యంలో చిక్కు బహువచనంతో వచ్చింది. 13-14 శతాబ్దాల నాటి ఆ చర్చి గోడల్లో లేతరంగు రాతి వరసలు, ఎర్ర ఇటుక వరసలు మార్చి మార్చి వస్తాయి. ఇటుకలూ రాళ్లూ అనే అర్థంలో మీరు ద్వంద్వ సమాసం చేశారు. చదివేవారికి మాత్రం ఉత్త ఇటుకల గోడే కనబడుతుంది. విడదీసి 'రాయీ ఇటుకా వరసలుగా పేర్చి కట్టిన చర్చి' అనండి. పొట్టిగా కావాలంటే 'రాతి, ఇటుక కట్టుబడి' చాలు. రాయికి ఔపవిభక్తికంలో 'రాతి' వస్తుంది, ఇటుక మారదు. 'రాళ్ల గోడ' అంటే పొలం చుట్టూ పేర్చిన గోడ గుర్తొస్తుంది, అది వద్దు.

మీ మిత్రుడు పట్టుకోవలసింది 'చెక్కిన'ను. చెక్కితే ఉలి కింద పెచ్చు లేవాలి. ఇక్కడి సొగసంతా పేర్పులో ఉంది. తూర్పు గోడ మీది స్వస్తికల పట్టీ ఇటుకలతో పేర్చింది. కమానుల చుట్టూ ఉన్న బిళ్లలు, నాలుగు రేకుల పువ్వులు ఆకుపచ్చ మెరుగుపూతతో కాల్చిన మట్టివి. వాటిని గోడలో పొదిగారు. ఆ కమానుల్లో చాలావాటి వెనక దారి లేదు, గోడే. 'మూత కమానులు' అంటే సరిపోతుంది. రామప్ప గుడి గురించి రాస్తే రెండు క్రియలూ కావాలి: స్తంభాలు చెక్కినవి, పైన శిఖరం తేలిక ఇటుకలతో కట్టింది.

'ప్యాంటోక్రేటర్' గ్రీకు మాట. తెలుగు బైబిలు ప్రకటన గ్రంథంలో దానికి 'సర్వాధికారి' అని ఉంది. మొదటిసారి రాసినచోట ఆ అర్థం ఇస్తే చాలు.

ఇంకొకటి. మీ ఉత్తరంలో ఒకచోట 'చర్చ్‌ల్లో' అని ఉంది. 'చర్చిల్లో' అని రాయండి. పొల్లు జారిందంటే 'చర్చల్లో' అయి కూర్చుంటుంది.