బేకరీ పెట్టిన మేనకోడలికి మామయ్య లేఖ

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి, రాజమండ్రి నుంచి మామయ్య ఆశీర్వదించి రాసేది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్లో నీ ఆలోచన చెప్పింది. కాకినాడలో నీ బేకరీ తెరిచి రెండేళ్లు నిండకుండానే, అమ్మిన ప్రతి కిలో కేకు మీద పది రూపాయలు తలసీమియా (ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టుజబ్బు) ఉన్న పిల్లల కోసం తీసిపెడతాననీ, ఆ సంగతి ఇన్‌స్టాగ్రామ్ పేజీలోనూ వాట్సాప్‌లోనూ ప్రకటిస్తాననీ అన్నావట. తాడితోటలో బట్టల కొట్టు నడిపిన మీ తాతయ్య ఈ మాట వింటే ఎంత పొంగిపోయేవారో అనుకున్నాను. అంతలోనే, పిల్లలకు రక్తం ఎక్కిస్తుండగా వీడియోలు తీయడానికి ఒక కుర్రాణ్ణి కూడా మాట్లాడావని చెప్పింది. ఇక నాకు నిద్ర పట్టలేదు.

లెక్కల విషయం నీకు ఎక్కువ చెప్పనక్కరలేదు. ఆ డబ్బు గల్లాపెట్టెలో కలవనీయకుండా వేరే ఖాతాలో వేయి. నెలాఖరున ఎన్ని కిలోలు అమ్మావో, ఎంత ఇచ్చావో రసీదుతో సహా పేజీలో పెట్టు, అమ్మకం పడిపోయిన నెలలో కూడా పెట్టు. కొనేవాళ్లు తామూ ఇస్తామంటే నీ క్యూఆర్ కోడ్ చూపించకుండా, ఆ పిల్లల కోసం నువ్వు డబ్బిచ్చే సంస్థ ఖాతాకే నేరుగా పంపమను. పదిమంది ఇచ్చిన డబ్బుకు నీ పేరున రసీదు పుట్టి, దాని మీద నువ్వు పన్ను మినహాయింపు పొందావనే మాట ఎవరి నోటా రాకూడదు. 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి ఆ మినహాయింపు ఎలాగూ రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మీ పెద్దన్నయ్య పంపుతానంటే, విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి ఆ సంస్థకు ఉందో లేదో ముందు కనుక్కో.

ఇప్పుడు ఫొటోల సంగతి. ఇది మీ అమ్మకు కూడా నేను పూర్తిగా చెప్పలేదు.

2020లో లాక్‌డౌన్ పెట్టి కొట్లన్నీ మూయించినప్పుడు, పనులు పోయిన అరవై కుటుంబాలకు బియ్యం, కందిపప్పు, నూనె మా కొట్టు పేరు అచ్చువేసిన సంచుల్లోనే సర్ది ఇచ్చాను. అంతకు ఏడాది ముందే మీ బావ కొట్టుకు ఫేస్‌బుక్ పేజీ తెరిచాడు. ఫొటోలు తీయమని వాడికి చెప్పింది నేనే. వరసలో నాలుగో మనిషి, పద్దెనిమిదేళ్లుగా మా అరుగు మీద మిషను పెట్టుకుని చీరలకు ఫాల్స్ కుట్టిన టైలరు. సూదిపోట్లతో వేలి కొసలు గట్టిపడిపోయిన చేతుల్తో సంచి అందుకుని, అచ్చువేసిన పేరు తనవైపు ఉండేలా గుండెకు ఆనించుకున్నాడు. పేరు కనపడేలా తిప్పి పట్టుకోమన్నాను. అది చాలక, మొహం తెలియడం లేదని మాస్కు కూడా కిందికి దించమన్నాను. ఊరంతా తిరిగి మాస్కు వేసుకోండని మైకులో చెబుతున్న రోజుల్లో, ఒక ఫొటో కోసం ఆ మాట అన్నాను. ఆయన దించాడు. నావైపు చూడలేదు, ఫోనువైపూ చూడలేదు.

ఆ రాత్రి మా పేజీకి ఎన్నడూ రానన్ని లైకులు వచ్చాయి. అభినందనలు ఒక్కొక్కటే చదువుకుని సంతోషించాను. కొట్లు మళ్లీ తెరిచిన వారానికి ఆయన వచ్చి కౌంటరు మీద ఆరు వందల రూపాయలు పెట్టి, "సరుకుల డబ్బండీ షావుకారుగారూ. ఆ ఫొటో తీయించేయండి" అన్నాడు. ఇంటర్ చదువుతున్న ఆయన కూతురి క్లాసు గ్రూపులో ఎవరో ఆ ఫొటో పెట్టారట. ఆ పిల్ల నాలుగు రోజులు సరిగా అన్నం తినలేదట. ఆ నిమిషంలోనే తీయించాను, కానీ అప్పటికే అది ఎన్ని ఫోన్లలోకి పోయిందో! డబ్బు వెనక్కి తీసుకోమని ఎంత బతిమాలినా వినలేదు. మరునాడు మిషను రిక్షాలో వేసుకుని వెళ్లిపోయాడు. దాని కాళ్లు నిలిచిన చోట అరుగు మీద నాలుగు గుంటలు ఇప్పటికీ ఉన్నాయి. చిన్నప్పుడు సెలవులకు వచ్చి, నువ్వు గుడ్డముక్కలు ఏరుకుని బొమ్మకు గౌను కుట్టించుకున్నది ఆ మిషను పక్కనే కూర్చుని.

అదే కొట్టు నుంచి, 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరిన వరదలో, మీ తాతయ్య లంక గ్రామాలకు పడవల మీద చీరలూ పంచెలూ పంపించారు. ఏ చీర ఎవరు కట్టుకున్నారో ఆయన అడగలేదు. ఆ మూటలు మోసినవాణ్ణి నేనే.

అందుకే ఆ వీడియో కుర్రాణ్ణి రేపే వద్దని చెప్పు. తల్లులు ఒప్పుకున్నారని అంటావేమో. బిడ్డకు రక్తం కావలసిన తల్లి నిన్ను కాదనగలదా? ఆ పసివాడు పెద్దవాడై ఉద్యోగానికో పెళ్లిచూపులకో వెళ్లేనాటికి, చేతికి సూదితో ఉన్న వాడి వీడియో నీ కేకుల పక్కన ఉండాలా? నిన్ను నొప్పించాలని కాదమ్మా. నీది మెత్తని మనసని తెలిసే ఇంత గట్టిగా రాస్తున్నాను.

చూపించవలసినవి నీ దగ్గర వేరే ఉన్నాయి. ఆ పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి, జీవితాంతం రక్తం ఎక్కించాలి. నీ పది రూపాయలు మందులకు పనికొస్తాయి, కానీ కాలేజీలకు సెలవులిచ్చే ఎండాకాలంలో దాతలు దొరకక రక్తనిధుల్లో నిల్వలు అడుగంటినప్పుడు వాటితో రక్తం రాదు. నీ పేజీ చూసేవాళ్లలో చాలామంది నీ బేకరీకి పావుగంట దూరంలో ఉండేవాళ్లే. వాళ్లను రక్తదాన శిబిరానికి రప్పించగలగడం ఏ పెద్ద కంపెనీ పేజీకీ లేని బలం. తేదీ, చోటు, వేళ రాయి. 18 నుంచి 65 ఏళ్ల లోపువారు, 45 కిలోలకు తగ్గని బరువుంటే ఇవ్వవచ్చని రాయి. ఇచ్చినవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల నంబర్లు ఉంచుకుని, మగవారికి మూడు నెలలకూ, ఆడవారికి నాలుగు నెలలకూ వాట్సాప్‌లో గుర్తుచేయి. ఫొటో కావాలంటే నువ్వూ, నీ పనివాళ్లూ రక్తం ఇస్తున్నది పెట్టు. రక్తం ఇస్తే కేకు ఉచితమని మాత్రం ప్రకటించకు; డబ్బు తీసుకుని రక్తం ఇవ్వడం 1998 జనవరి 1 నుంచి మన దేశంలో నిషేధం, వెల కట్టినట్టు ధ్వనించే మాట ఏదీ నీ పేజీలో ఉండకూడదు.

అత్యవసరమని పెట్టే ప్రతి పోస్టులోనూ తేదీ వేసి, అవసరం తీరగానే తీసేయి. పిల్లవాడి తండ్రి ఫోను నంబరు ఎప్పుడూ పెట్టకు. ఎప్పుడో తీరిపోయిన అవసరాల సందేశాలు ఏళ్ల తరవాత కూడా తిరిగి తిరిగి నా ఫోనుకే వస్తున్నాయి.

మొదటి పోస్టు వేసేముందు నాకు ఒకసారి పంపు, ఎంత రాత్రయినా చూస్తాను. శిబిరం రోజున తెల్లవారుజామునే బయలుదేరి వస్తాను. 65 దాటిన నా రక్తం ఎలాగూ తీసుకోరు కనుక, వచ్చినవాళ్లను కూర్చోబెట్టి మంచినీళ్లు అందించే పని నాకు ఉంచు.

ఇట్లు,
మీ మామయ్య