ఏఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌కి ముందు కుర్రాళ్లలో రిక్రూటర్లు అసలు ఏం చూస్తారు?

ఏఎఫ్ఎల్ అంటే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ (ఫుటీ) లీగ్, డ్రాఫ్ట్ అంటే అందులోని క్లబ్బులు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకోవడం, క్లబ్బుల కోసం కుర్రాళ్లని వెతికేవాళ్లే రిక్రూటర్లు. మీరు అడిగింది ఇదీ: మెల్‌బోర్న్ వెస్ట్‌లో ఉంటాం, మా వాడికి పదహారేళ్లు, క్లబ్ మ్యాచుల్లో ప్రతి వారం ముప్ఫైకి పైగా డిస్పోజల్స్ (కాలితో కిక్, పిడికిలితో కొట్టే హ్యాండ్‌బాల్ కలిపి) వస్తున్నాయి, డ్రాఫ్ట్‌లో ఎన్నో నంబర్‌కి వెళ్లొచ్చు, హైలైట్స్ వీడియో ఎవరికి పంపాలి, క్రికెట్ మాన్పించాలా అని. నేనూ ఇటువైపే ఉంటాను. మా అబ్బాయి ఆస్‌కిక్‌లో (చిన్నపిల్లల ఫుటీ ప్రోగ్రామ్) చేరిన రోజుల్లో గ్రౌండ్‌లోకి నీళ్ల బాటిళ్లు పట్టుకెళ్లే పని అంటగట్టారు, తర్వాత టీమ్ మేనేజర్‌ని చేశారు, ఆ తర్వాత కొన్ని సీజన్లు అండర్-18 టాలెంట్ లీగ్ మ్యాచుల్లో ఒక టీమ్‌కి స్టాట్స్ రాసిపెట్టాను. రిక్రూటర్‌ని కాదు. కానీ స్టాట్స్ రాసేవాడు కూర్చునే చోటే వాళ్లూ నిలబడతారు కాబట్టి, ఎవరిని ఎందుకు చూస్తున్నారో, దేనికి నోట్‌బుక్ తెరుస్తున్నారో దగ్గర నుంచి చూసే అవకాశం దొరికింది. అందులోంచే చెబుతున్నాను.

ముందు ఆ ముప్ఫై సంగతి. నిజం చెప్పాలంటే ఆ అంకెని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. లోకల్ అండర్-17లో కాస్త బలం, కాస్త పరుగు ఉన్న మిడ్‌ఫీల్డర్‌కి ముప్ఫై రావడం వింతేమీ కాదు. హాఫ్ బ్యాక్‌లో (డిఫెన్స్ ముందు వరస) ఖాళీగా నిలబడి పక్కవాడి నుంచి సులువైన హ్యాండ్‌బాల్ తీసుకుని మళ్లీ అతనికే ఇచ్చినా రెండు వైపులా లెక్కలోకి వస్తుంది. వాళ్లు చూసేది బాల్ ఎలాంటి పరిస్థితిలో చేతికి వచ్చింది, వచ్చాక ఏం జరిగింది అన్నది. ఒక ఉదాహరణ చెబుతాను. జూలైలో, వాన పడి గ్రౌండ్ అంతా బురదైన రోజు, సెంటర్ పక్కన స్టాపేజ్, అంటే ఆట ఆగి అంపైర్ బాల్ మళ్లీ వేసే సందర్భం. రక్‌మన్ (ఆ బాల్ కోసం ఎగిరే పొడుగాటివాడు) కొట్టిన బాల్ నేల మీద పడి అడ్డదిడ్డంగా ఎగురుతోంది. ఒక కుర్రాడు, పొట్టివాడే, మోకాళ్ల కింద ఉన్న బాల్‌ని ఒకే పట్టులో అందుకున్నాడు, జారలేదు, తడుముకోలేదు. అదే క్షణంలో వెనక నుంచి ఒకడు వచ్చి గుద్దాడు. పడిపోతూనే ఎడమ చేత్తో హ్యాండ్‌బాల్ బయట పరిగెడుతున్నవాడి ముందుకి, అతని అడుగు ఆగకుండా అందేలా వేశాడు. నా షీట్‌లో అది ఒక్క గీత, అంతే. నా పక్కనున్న పెద్దాయన మాత్రం అప్పటిదాకా జేబులో పెట్టుకున్న చేతులు తీసి ఏదో రాసుకున్నాడు. ఆ రోజు ఆ కుర్రాడికి పదిహేను డిస్పోజల్స్ కూడా రాలేదు.

ఇంకో విషయం, మన పేరెంట్స్ అస్సలు గమనించనిది: బాల్ లేనప్పుడు ఏం చేస్తున్నాడు. పద్దెనిమిది మంది ఉన్న టీమ్‌లో ఎంత గొప్ప మిడ్‌ఫీల్డర్ అయినా మ్యాచ్‌లో చాలా భాగం బాల్ లేకుండానే ఉంటాడు. మనం సైడ్‌లైన్ దగ్గర బాల్ వెంటే కళ్లు తిప్పుతాం, వాళ్లు ఒక్క ఆటగాడినే క్వార్టర్ అంతా చూస్తూ నిలబడతారు. బాల్ పోగానే వెనక్కి పరిగెత్తాడా, చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడ్డాడా? టాకిల్ తప్పిపోయాక లేచి మళ్లీ వెంటపడ్డాడా? తన మనిషి కాని వాడు ఖాళీగా కనిపిస్తే వదిలేసి వెళ్లి కవర్ చేశాడా? రెండో ప్రయత్నం, మూడో ప్రయత్నం అంటుంటారు వాళ్లు. వీడియోల్లో ఇవేవీ ఉండవు, ఎందుకంటే హైలైట్స్ కత్తిరించేది మనమే కదా. ఇంకా సరదా ఏమిటంటే బెంచ్‌ని కూడా చూస్తారు. కోచ్ బయటికి పిలిచాక జాకెట్ కప్పుకుని ఓ మూల కూర్చునేవాడు ఒకడు, ఊపిరి అందకపోయినా లైన్ కోచ్ దగ్గరికెళ్లి బోర్డు మీద ఏదో చూపించి అడిగేవాడు ఒకడు. ఈ తేడా రాసుకోవడం నేను కళ్లారా చూశాను.

కిక్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన పిల్లలు చాలామంది వెనకబడేది ఇక్కడే అని నా అభిప్రాయం. దూరం ముఖ్యమే, కాకపోతే అంతకంటే ముఖ్యం బాల్‌ని చేతిలోంచి పాదం మీదకి వదిలే తీరు. ఎత్తు నుంచి వదిలి, గాల్లో తిరుగుతూ వస్తున్న బాల్‌ని తన్నేవాడికి ఖాళీగా ఉన్నప్పుడు బాగానే పడుతుంది, ఎవరైనా మీదకి వస్తే మాత్రం ఎటో పోతుంది. ఇక బలహీనమైన కాలు. కుడికాలివాడిని డిఫెండర్లు ఎడమ వైపుకే నెడతారు, అండర్-15లో ఎలాగో తిరిగి కుడికాలికి తెచ్చుకునే టైమ్ దొరుకుతుంది, పైస్థాయిలో దొరకదు. మీ వాడు వార్మప్‌లో ఎన్నిసార్లు ఎడమకాలితో తంతున్నాడో ఈ శనివారం ఊరికే గమనించండి.

ఇక ఎత్తు, వయసు. డ్రాఫ్ట్‌కి రావాలంటే ఆ ఏడాది డిసెంబర్ 31కల్లా పద్దెనిమిది నిండాలి. జూనియర్ ఏజ్ గ్రూపులూ క్యాలెండర్ ఏడాది ప్రకారమే, అంటే జనవరిలో పుట్టినవాడు, డిసెంబర్‌లో పుట్టినవాడు ఒకే టీమ్‌లో ఆడతారు. పదిహేనేళ్ల వయసులో పదకొండు నెలల తేడా అంటే మీసం వచ్చినవాడికీ రానివాడికీ ఉన్న తేడా. ముందే పెరిగిపోయిన కుర్రాడు తోసుకుంటూ వెళ్లి గోల్స్ కొట్టేస్తాడు, అందరూ వాడినే పొగుడుతారు. మంచి రిక్రూటర్ అడిగేది వేరు: మిగతావాళ్లు కూడా పెరిగాక ఇతని దగ్గర ఏం మిగులుతుంది? అందుకే వాళ్లు తండ్రి ఎత్తు అడుగుతారు, తల్లి ఎత్తు అడుగుతారు, అన్నయ్య ఎప్పుడు ఎదిగాడని అడుగుతారు. రెండు మీటర్లు దాటిన రక్‌లైతే ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకి గాని తయారవరు. రక్ మ్యాక్స్ గాన్ 2009లో 34వ పిక్ (డ్రాఫ్ట్‌లో 34వ వాడిగా ఎంపికయ్యాడు), మొదట్లో మోకాలి గాయాలు, పన్నెండేళ్ల తర్వాత 2021లో మెల్‌బోర్న్ క్లబ్‌కి ప్రీమియర్‌షిప్ (లీగ్ టైటిల్) తెచ్చిన కెప్టెన్ ఆయనే.

ఇక్కడే మన బుర్రల్లో ఉన్న ఎంసెట్ ర్యాంకు ఆలోచన పక్కన పెట్టాలి. పిక్ నంబర్ అంటే మెరిట్ లిస్ట్ కాదు. అప్పుడే ముగిసిన సీజన్‌లో పట్టికలో అడుగున మిగిలిన క్లబ్ ముందుగా ఎంచుకుంటుంది, ఆ క్లబ్‌కి అవసరమైంది పొడుగాటి డిఫెండరైతే మంచి మిడ్‌ఫీల్డర్‌ని వదిలేసే అవకాశం ఉంది, పైగా పిక్‌లు చేతులు మారతాయి. 2013లో మొదటి పిక్ టామ్ బాయ్డ్, 13వ పిక్ పాట్రిక్ క్రిప్స్. క్రిప్స్ 2022లో, 2024లో బ్రౌన్‌లో మెడల్ (సీజన్‌లో ఉత్తమ ఆటగాడికి ఇచ్చేది) కొట్టాడు. అలాగని బాయ్డ్ దండగ అనలేం, బుల్‌డాగ్స్ క్లబ్‌కి మారి 2016 గ్రాండ్ ఫైనల్‌లో అద్భుతంగా ఆడాడు. లాకీ నీల్ 2011లో 58వ పిక్, ఇప్పుడు రెండు బ్రౌన్‌లోలు. 168 సెంటీమీటర్ల కేలబ్ డేనియల్‌ని 2014లో 46వ పిక్ దాకా ఎవరూ ముట్టుకోలేదు, అతనూ ఆ 2016 టీమ్‌లో ఉన్నాడు. రిచ్‌మండ్ క్లబ్ ఆటగాడు మార్లియన్ పికెట్ అయితే 2019లో మిడ్-సీజన్ డ్రాఫ్ట్‌లో వచ్చి, ఏఎఫ్ఎల్‌లో తన మొదటి మ్యాచే గ్రాండ్ ఫైనల్ ఆడి గెలిచాడు, అప్పటికి ఇరవై ఏడేళ్లు. కాబట్టి పదహారేళ్లవాడికి పిక్ నంబర్ అడగడం తొందరపాటు. ఎవరైనా చెబితే, నా మాట విని, వాళ్లకి డబ్బు మాత్రం కట్టకండి.

అక్టోబర్‌లో జరిగే కంబైన్ (డ్రాఫ్ట్‌కి ముందు కుర్రాళ్లకి పెట్టే పరీక్షలు) గురించి చాలామంది టెన్షన్ పడతారు. 20 మీటర్ల పరుగు, మెలికలు తిరుగుతూ పరిగెత్తే ఎజిలిటీ టెస్ట్, నిలబడి ఎగరడం, పరిగెత్తి ఎగరడం, 2 కిలోమీటర్ల టైమ్ ట్రయల్, ఎత్తు బరువులు, చేతుల పొడవు. 20 మీటర్లు 2.9 సెకన్ల లోపు పరిగెడితే వేగం ఉన్నవాడనే లెక్క. అయినా కంబైన్ వల్ల ఉన్నట్టుండి పైకి వచ్చేవాళ్లు తక్కువ, అప్పటికి రెండేళ్లుగా చూసిన దాన్ని సరిచూసుకోవడానికే అది ఎక్కువగా పనికొస్తుంది. నాకు తెలిసి అక్కడ అసలు విలువైనవి డాక్టర్ల పరీక్షలు, ఇంటర్వ్యూలు. ఇంటర్వ్యూ అంటే మన వాళ్లు ప్రిపేర్ చేయించి పంపుతారు, కంఠతా పట్టిన జవాబులు చెబుతాడు, అది రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది. పోయిన ఏడాది కోచ్ నిన్ను వింగ్‌కి ఎందుకు మార్చాడు అని అడుగుతారు. ఆ జవాబు ఇంట్లో నేర్పేది కాదు. ఇంటికి కూడా వస్తారు, స్కూల్ టీచర్‌ని, పాత కోచ్‌ని, ఒక్కోసారి జిమ్‌లో ట్రైనర్‌ని కూడా అడుగుతారు. అందుకే పేరెంట్స్‌కి ఒక మాట: అంపైర్ మీద అరిచే నాన్న ఎవరో కూడా వాళ్లకి తెలుసు.

దారి విషయానికి వస్తే, విక్టోరియాలో ఎక్కువమంది కోట్స్ టాలెంట్ లీగ్ (ఇందాక చెప్పిన అండర్-18 లీగ్) నుంచే వస్తారు, వెస్ట్‌లో ఉన్నవాళ్లకి అందులోని వెస్టర్న్ జెట్స్ టీమ్. వాళ్లు అండర్-15, 16 వయసు నుంచే పిల్లల్ని చూసి స్క్వాడ్‌లోకి పిలుస్తారు, మీ క్లబ్ కోచ్ చెబితే ట్రయల్స్ వివరాలు దొరుకుతాయి. ఆ పైన విక్ మెట్రో (మెల్‌బోర్న్ నగర ప్రాంత జట్టు) తరఫున నేషనల్ ఛాంపియన్‌షిప్స్, అక్కడ వెస్టర్న్ ఆస్ట్రేలియా, సౌత్ ఆస్ట్రేలియా కుర్రాళ్ల మీద ఎలా ఆడతాడన్నదే అందరికంటే నమ్మదగిన కొలత. మన కుటుంబాలకి పనికొచ్చే ఇంకో సంగతి నెక్స్ట్ జనరేషన్ అకాడమీలు. 2016లో మొదలుపెట్టారు, ఆదివాసీ పిల్లలతో పాటు ఆసియా, ఆఫ్రికా మూలాలున్న కుటుంబాల పిల్లల కోసం. ఒక్కో క్లబ్‌కి ఒక్కో ప్రాంతం ఉంటుంది, అకాడమీలో ఉన్న కుర్రాడి కోసం వేరే క్లబ్ బిడ్ వేస్తే (డ్రాఫ్ట్‌లో అతన్ని ఎంచుకోబోతే) సొంత క్లబ్ తన పిక్‌లకి ఉన్న పాయింట్లు కట్టి తీసుకోవచ్చు. 2020లో ఆడిలైడ్ వేసిన బిడ్‌ని మ్యాచ్ చేసి బుల్‌డాగ్స్ జమారా ఊగల్-హేగన్‌ని మొదటి పిక్‌గా తీసుకుంది ఇలాగే. ఆ తర్వాత పై పిక్‌ల దగ్గర ఆ వెసులుబాటు తగ్గించారు, 2024లో మళ్లీ ఇచ్చారు, ఆ ఏడాదే ఇరాక్ మూలాలున్న ఐజాక్ కాకో 13వ పిక్‌గా ఎసెండన్‌కి వెళ్లాడు. రూల్స్ ఇలా మారుతూనే ఉంటాయి కాబట్టి మీ సబర్బ్ ఏ క్లబ్ కిందికి వస్తుంది, మీ వాడికి అర్హత ఉందా అన్నది నేరుగా క్లబ్‌కే మెయిల్ రాసి కనుక్కోండి. మనవాళ్లు చాలామందికి ఇది ఉందనే తెలియదు.

హైలైట్స్ వీడియో మానేయమనను గానీ, పంపేటట్టయితే ఒక పూర్తి క్వార్టర్ పంపండి, కత్తిరించకుండా, తప్పులతో సహా. బాల్ దగ్గరికి జూమ్ చేయకుండా గ్రౌండ్ కనిపించేలా తీయండి. దానికి జవాబు రాకపోతే బాధపడొద్దు, ఇప్పుడున్న వయసులో జెట్స్ టాలెంట్ మేనేజర్ ఒక్కసారి వచ్చి చూస్తే పది వీడియోల పని అయిపోతుంది.

చదువు మాట మీరు అడగలేదు, అయినా చెబుతున్నాను. నేషనల్ డ్రాఫ్ట్ నవంబర్‌లో, అంటే వీసీఈ (విక్టోరియాలో ట్వెల్త్) పరీక్షలు ముగుస్తూ ఉన్నప్పుడో ముగిసిన వెంటనేనో. ఏడాదికి దేశం మొత్తం మీద అరవై, డెబ్బై మందే వెళతారు. ట్వెల్త్ చదువుని పక్కన పెట్టమని ఏ క్లబ్బూ చెప్పదు, స్కూల్‌లో ఎలా ఉంటాడన్నది వాళ్లకి కావలసిన సమాచారమే కూడా.

క్రికెట్ మాన్పించకండి, కనీసం ఇప్పుడే వద్దు. కాలింగ్‌వుడ్ మిడ్‌ఫీల్డర్ స్కాట్ పెండిల్‌బరీ బాస్కెట్‌బాల్ నుంచి వచ్చాడు, ఇరుకులో కూడా తొందరపడకుండా ఆడే ఆ తీరు అక్కడి నుంచి వచ్చిందనే అందరూ అంటారు. అలెక్స్ కీత్ ముందు విక్టోరియాకి క్రికెట్ ఆడి, తర్వాతే ఆడిలైడ్‌తో ఏఎఫ్ఎల్‌లోకి వచ్చాడు. అవుట్‌ఫీల్డ్‌లో ఎత్తుగా వచ్చే క్యాచ్‌ల కింద పరిగెత్తినవాడికి మార్క్ (కిక్ చేసిన బాల్‌ని గాల్లోనే పట్టుకోవడం) తీసుకునేటప్పుడు బాల్ ఎక్కడ దిగుతుందో చదవడం తేలిక. చిక్కు ఎక్కడ వస్తుందంటే టాలెంట్ లీగ్ ప్రీ-సీజన్ నవంబర్‌లోనే మొదలవుతుంది, క్రికెట్ శనివారాలతో ఢీకొంటుంది. స్క్వాడ్‌లోకి పిలుపు వచ్చాక, ఫాస్ట్ బౌలర్ అయితే నడుం మీద పడే భారం కూడా చూసుకుని, అప్పుడు ఫుటీ కోచ్‌తో, క్రికెట్ కోచ్‌తో ఇద్దరితోనూ కూర్చుని మాట్లాడండి, మీ వాడిని కూడా పక్కనే కూర్చోబెట్టుకుని. అబ్బాయి పుట్టిన నెల, ఎత్తు, ఏ పొజిషన్‌లో ఆడతాడో కింద రాస్తే ట్రయల్స్ ముందు దేని మీద పని చేయించాలో ఇంకాస్త వివరంగా చెబుతాను.