ఇంట్లో కట్టుకుంటున్న కారుకు ఇంజన్: ఎఫ్‌డీ తీయాలా, అప్పు చేయాలా?

ప్రశ్న: విజయవాడలో ఒక ప్రైవేటు సంస్థలో మెషినిస్టుగా పనిచేస్తున్నాను. నెలకు 52,000 రూపాయలు చేతికొస్తే 41,000 ఇంటి ఖర్చులకు పోతున్నాయి. రెండు లక్షల ఎఫ్‌డీ తప్ప వేరే పొదుపు లేదు. కార్బురేటర్ మారుతి 800 సామాన్లతో, సొంతంగా వెల్డింగ్ చేసిన ఛాసిస్‌పై రెండు సీట్ల చిన్న కారు కట్టుకుంటున్నాను. ఇప్పటికి 1.6 లక్షలు పెట్టాను. నూజివీడు దగ్గర మా మామగారి మామిడి తోటలో నడుపుతుండగా వేడెక్కి ఇంజన్ పట్టేసింది. దాన్నే బాగు చేయిస్తే 28,000, పాత ఆల్టో ఎంపీఎఫ్ఐ ఇంజన్ (కార్బురేటర్ బదులు ఒక్కో సిలిండర్‌కు విడిగా పెట్రోల్ చిమ్మే రకం) 35,000, అంతకంటే పెద్దదైన మారుతి కె10 ఇంజన్ గేర్‌బాక్స్‌తో 75,000 అంటున్నారు. బ్యాంకు 14 శాతం వడ్డీకి లక్ష పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: అప్పు వద్దు, ఎఫ్‌డీ తీయవద్దు. పాత ఇంజన్‌నే విప్పించి కొలతలు చూపించండి.

మీ కారును ఆస్తిగా లెక్కించలేం. సొంతంగా కట్టిన వాహనాన్ని రిజిస్టర్ చేయించాలంటే కేంద్ర మోటారు వాహనాల నిబంధన 126 కింద నమూనా పరీక్షలు నెగ్గాలి. ఒక్క కారు కోసం ఒక వ్యక్తి భరించగల ఖర్చు కాదది. రిజిస్ట్రేషన్ లేని బండిని రోడ్డెక్కించడాన్ని మోటారు వాహనాల చట్టం 39వ సెక్షన్ ఒప్పుకోదు. అంటే అది తోటలోనే తిరుగుతుంది, అమ్మబోతే విడి సామాన్ల ధరే పలుకుతుంది. సరదాకు ఖర్చు పెట్టడం తప్పని నేననను, కానీ దానికి వడ్డీ కట్టడం మాత్రం సమర్థించలేను. ఆ లక్షను మూడేళ్లలో తీరిస్తే నెలకు సుమారు 3,418 రూపాయల చొప్పున, వడ్డీ కిందే 23,000 దాకా పోతుంది. మీ రిపేరు ఖర్చులో అది నాలుగింట మూడు వంతులకు పైనే.

ఎఫ్‌డీ విషయానికొస్తే, మీకున్న అత్యవసర నిధి అదొక్కటే. ఆ నిధిలో ఆరు నెలల ఇంటి ఖర్చు ఉండాలనుకుంటే 2,46,000 కావాలి, ఉన్నది రెండు లక్షలు. పైగా గడువుకు ముందే తీస్తే చాలా బ్యాంకులు వడ్డీ తగ్గిస్తాయి.

ఇక ఇంజన్ల ధరలు. మీకు చెప్పిన మూడు అంకెలూ ఇంజన్‌వే తప్ప, అది మీ ఛాసిస్‌లో కూర్చుని నడిచేదాకా అయ్యే ఖర్చువి కావు. ఎంపీఎఫ్ఐ ఇంజన్‌తో పాటు ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్), దాని వైరింగ్, సెన్సర్లు, ట్యాంకులో ఎలక్ట్రిక్ పెట్రోల్ పంపు కావాలి. ఈసీయూకు ఇమ్మొబిలైజర్ (సొంత తాళం లేనిదే ఇంజన్‌ను స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) ఉంటే ఆ బండి తాళం కూడా వెంట రావాలి. 998 సీసీ కె10 వేస్తే 37 అశ్వశక్తి ఉన్న చోట 67 వస్తుంది కనుక మౌంటింగులు, యాక్సిల్ షాఫ్టులు, బ్రేకులు మళ్లీ చూసుకోవాలి. మెషినిస్టుగా ఆ పని మీరే చేసుకోగలరేమో కానీ సామాను ఖర్చు తప్పదు. పిండి కొద్దీ రొట్టె అన్నట్లు, తోటలో తిరిగే బండికి మీ మారుతి 800 ఇంజన్ 796 సీసీయే సరిపోతుంది.

ఆటోనగర్‌లో విప్పించినప్పుడు సిలిండర్ బోరును (లోపలి వ్యాసాన్ని) పైన, మధ్యన, కింద కొలిపించి, బోరు కాస్త పెంచి ఓవర్‌సైజ్ పిస్టన్ వేస్తే సరిపోతుందో లేదో అడగండి. హెడ్ (సిలిండర్ల పైమూత) వంగిందేమో, క్రాంక్ షాఫ్టుకు గ్రైండింగ్ అవసరమేమో కూడా తేల్చుకుని, ఆ తర్వాతే 28,000కు ఒప్పుకోండి. బ్లాకు పనికిరాదంటే అదే రకం కార్బురేటర్ ఇంజన్‌నే వెతకండి. ఓమ్నీది కూడా 796 సీసీయే అని ఎవరైనా అంటగట్టబోతే జాగ్రత్త; అది వెనక చక్రాలను తిప్పేందుకు పొడవునా అమర్చినది, మీ ముందు చక్రాల గేర్‌బాక్స్‌కు యథాతథంగా కుదరదు. పాతది కొంటే నాలుగైదు సార్లు తిప్పించి మూడు సిలిండర్ల కంప్రెషన్ చూడండి, ఆయిల్ పాలలా తెల్లబడి ఉంటే వదిలేయండి, ఇంజన్ నంబరు రాసిన బిల్లు లేకుండా డబ్బు ఇవ్వకండి.

అన్నిటికంటే ముందు అది ఎందుకు వేడెక్కిందో కనుక్కోవాలి. రేడియేటర్‌కు గాలి తగలని చోట బిగించారా, ఫ్యాన్ స్విచ్ పనిచేయలేదా అన్నది తేలకుండా ఏ ఇంజన్ వేసినా అదీ పట్టేస్తుంది.

ఈ పని మొత్తానికి 40,000 హద్దు పెట్టుకోండి: 28,000 రిపేరుకు, మిగతాది రేడియేటర్ పనికి, విప్పాక బయటపడే వాటికి. నెలకు మిగిలే 11,000లో 8,000 రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే అయిదు నెలల్లో సమకూరుతుంది. మిగతా 3,000 అత్యవసర నిధికి చేర్చండి. విప్పాక ఖర్చు 40,000 దాటేలా ఉంటే, ఇప్పటికే 1.6 లక్షలు పెట్టాను కదా అన్న లెక్కతో ముందుకు పోవద్దు. ఆ డబ్బు ఏ నిర్ణయంతోనూ వెనక్కి రాదు. అప్పుడు పని ఆపి, మరికొన్ని నెలలు జమ చేసి మళ్లీ మొదలుపెట్టండి.