మార్కులు ఆఖర్న వెయ్యి

తమ్ముడూ,

నువ్వు పంపిన పాతిక ట్రాకుల రివ్యూలూ రెండుసార్లు చదివాను. రెండోసారి పక్కన కాగితం పెట్టుకుని నీ మార్కులన్నీ రాసుకున్నాను. ఇరవై ఒక్క ట్రాకులకి తొమ్మిది, లేదా ఆ పైన. వీడియో గేమ్ సంగీతమంటే నీకెంత ప్రాణమో తెలిసింది గానీ, వీటిలో ముందు ఏది వినాలో తెలియలేదు.

అన్నిటికన్నా తక్కువ మార్కులు సూపర్ మారియో బ్రదర్స్‌లో నేల కింద స్టేజి పాటకి వేశావు. నాలుగు. "మరీ చిన్నది, మధ్యలో అన్నీ ఖాళీలే" అన్నావు. అది వింటున్నప్పుడు నీ చేతులు ఏం చేస్తున్నాయి? బస్సులో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విని ఉంటావు. నేనూ ఒకప్పుడు అలాగే విని, ఒక పత్రికకి అచ్చం నీలాగే రాశాను. అచ్చయిన కొన్నాళ్ళకి మా మేనల్లుడు ఆ ఆట ఆడుతుంటే పక్కన కూర్చున్నాను. వాడి గెంతులు, నాణేల గలగల, ఇటుక బద్దలైన చప్పుడు, అన్నీ సరిగ్గా ఆ ఖాళీల్లోకే వచ్చి పడుతున్నాయి. పిల్లాడు గెంతబోయే ముందు ఊపిరి బిగబట్టడం కూడా వినిపించింది. నేను లోపమని రాసింది ఆడేవాడికి వదిలిన చోటు. అచ్చులోకి వెళ్ళిన మాటని వెనక్కి తెచ్చుకోలేకపోయాను. ఆ బాధ నీకు రాకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

సినిమా పాట రికార్డింగ్ రోజునే పూర్తయిపోతుంది. ఆట పాటలో సగం పని ఆడేవాడి చేతుల్లోనే ఉంటుంది. 1985 నాటి ఆ మారియో ఆటనే తీసుకో. అది నడిచిన నింటెండో వారి ఫ్యామికామ్ యంత్రం చిప్‌లో ఉన్నవి ఐదే గొంతులు. రెండు స్వరం పలకడానికి, ఒకటి కింది స్థాయికి, ఒకటి దరువు చప్పుళ్ళకి, ఐదోది ముందే రికార్డు చేసిన చిన్న చిన్న శబ్దాలకి. గెంతే శబ్దమూ ఆ ఐదింటిలోంచే రావాలి. అందుకే మారియో గెంతినప్పుడల్లా పాటలో ఒక గొంతు ఆ క్షణానికి తప్పుకుని దారిస్తుంది. ఈసారి ఆడుతూ చెవి పెట్టి విను, తెలుస్తుంది. సూపర్ మారియో వరల్డ్‌లో యోషీ అనే డైనోసార్ మీద ఎక్కగానే పాటకి డప్పుల దరువు తోడవుతుంది, దిగగానే ఆగిపోతుంది. సూపర్ మారియో 64లో డైర్ డైర్ డాక్స్ అనే స్టేజి పాట మెత్తని ఎలక్ట్రిక్ పియానోతో మొదలై, నువ్వు ముందుకు పోయేకొద్దీ తీగ వాద్యాలు, డ్రమ్స్ కలుపుకుంటుంది. ఇలాంటి పాటల్ని విడిగా ఆడియో ఫైలుగా విని మార్కులేస్తే సగం పాటకే వేసినట్టు.

మా ఇంట్లో ఈ సంగతి అందరికన్నా ముందు మా అమ్మకి తెలుసు. వేసవి సెలవుల్లో అన్నయ్యా నేనూ పసుప్పచ్చ క్యాసెట్ గుచ్చి మారియో ఆడేవాళ్ళం. అమ్మ వంటింట్లో ఉండేది, టీవీ వైపు చూసేదే కాదు. స్టేజిలో టైము వందకి పడిపోగానే పాట వేగం అందుకుంటుంది కదా, అది వినపడగానే "అయిపోవచ్చిందిగా, కంచాల దగ్గరికి రండి" అని కేకేసేది. ఆటలో ఎక్కడున్నామో ఆవిడకి చెప్పింది ఆ పాటే. నీ రివ్యూలో నేను వెతికేది అదే. ఈ ట్రాక్ ఆడేవాడికి ఏం చెబుతోంది, ఎప్పుడు చెబుతోంది?

ఇంకో పరీక్ష ఉంది, ఓపిక కావాలి. ఆట పాట తిరిగి తిరిగి వస్తుంది. ఒక స్టేజి దాటలేక నలభైసార్లు చచ్చి, నలభైసార్లూ అదే పాట వింటాం. ఒకసారి విని బాగుందనిపించినవి చాలా ఉంటాయి, నలభయ్యోసారి విసుగు పుట్టించనివి కొన్నే. చివర నుంచి మళ్ళీ మొదటికి తిరిగే చోట అతుకు కనిపిస్తోందా అని కూడా చూడు. నా మార్కుల్లో పెద్ద వాటా దీనికే.

ఇక మాటలు. "అద్భుతం", "మైమరపించింది", "గూస్‌బంప్స్" ఎన్నిసార్లు వాడావో లెక్కపెట్టాను, కానీ చెప్పను. అవన్నీ కొట్టేసి, అక్కడ ఏం విన్నావో రాయి. ఆ 1985 మారియోలోని నీళ్ళ స్టేజి పాట మైమరపిస్తుందన్నావు. ఎందుకు? అది మూడు దెబ్బల నడక, మనవాళ్ళు తిశ్రం అంటారే, అది. నీళ్ళలో మారియో బటన్ నొక్కినప్పుడల్లా కాస్త లేచి, మళ్ళీ మెల్లగా దిగుతాడు. ఆ లేవడం, దిగడం పాటలోనూ ఉంది. ఈ నాలుగు ముక్కలు రాస్తే విశేషణంతో పనిలేదు. మన సంగీతం మాటలు ఇలా పనికొచ్చే చోట వాడు. కానీ వినగానే ఏదో ఒక రాగం పేరు అంటించే అలవాటు మాత్రం వద్దు. అది నాకు బొత్తిగా నచ్చదు.

మార్కుల కొలత సంగతి తొందరగా చెప్పేస్తాను. ముందు ఐదు అంటే ఏమిటో తేల్చుకో. స్టేజికి అడ్డం రాని, గుర్తూ ఉండని పాట నాకు ఐదు. పది మార్కులు ఏళ్ళ తరబడి ఎవరికీ వేయకపోయినా నష్టం లేదు. "ఆ రోజుల యంత్రానికి ఇదే ఎక్కువ" అని జాలి మార్కులు కలపకు.

ఒక్క ట్రాక్ దగ్గరా స్వరకర్త పేరు రాయలేదు నువ్వు. ఇది మాత్రం నాకు కష్టం కలిగించింది. పాత ఆటల్లో చాలావాటిలో స్వరకర్తల పేర్లు వేసేవారు కారు, వేసినా మారుపేర్లే. మారియో పాట 2023లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి నేషనల్ రికార్డింగ్ రిజిస్ట్రీకి, అంటే భద్రపరచదగ్గ రికార్డింగుల జాబితాకి, ఎక్కింది. వీడియో గేమ్ సంగీతంలో మొట్టమొదట చోటు దొరికింది దానికే. అది చేసిన కోజి కొండో పేరు పాట తెలిసినవాళ్ళలో ఎంతమందికి తెలుసు? చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్ యంత్రంలోని టెట్రిస్ ఆట ట్యూన్ నీకు నచ్చిందన్నావు. అది కొరొబెయ్నికి అనే రష్యన్ జానపదం. దాన్ని ఆ చిన్న డబ్బాలో పలికించింది హిరొకాజు తనాకా. ఆ రెండు వాక్యాలూ రాయి.

పాతికా మళ్ళీ రాయక్కర్లేదు. నేల కింద పాట, నీళ్ళ పాట, టెట్రిస్, ఈ మూడూ చాలు. ఒక్కోటీ గంటసేపు ఆడి, ఆ పూటే రాసి పంపు. మార్కుల చోటు ఖాళీగా ఉంచు. నీ రాత చదివి నువ్వు ఎంత వేసి ఉంటావో నేను పక్కన రాసి పంపుతాను. రెండూ ఎక్కడ తేడా వస్తాయో చూద్దాం.

ప్రేమతో,
అక్క