‘బహుశా’ ఎక్కడ పెట్టాలి?

చిక్కడపల్లి, హైదరాబాద్

తమ్ముడూ,

మూసీ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. చాదర్‌ఘాట్ వాళ్ల మాటలు బాగా పట్టావు. కానీ ‘బహుశా 1908లో పెద్ద వరద వచ్చి ఉండవచ్చేమో’ అన్నావే, అక్కడ ఆగిపోయాను. ఒక్క వాక్యంలో మూడు అనుమానాలు! ఆ వరద వచ్చింది 1908 సెప్టెంబరు 28న. అఫ్జల్‌గంజ్‌లో చింతచెట్టెక్కి బతికి బయటపడ్డవాళ్లున్నారు. ఆ తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు, 1920కి గండిపేట చెరువు పూర్తయింది. లైబ్రరీలో గంట కూర్చుంటే తేలిపోయేదానికి బహుశా ఎందుకు? వినయం అనుకుంటున్నావేమో, చదివేవాడికి బద్ధకంలా కనిపిస్తుంది. పేరున్న రచయితలకూ ఉందిలే ఈ జబ్బు.

నువ్వు ఇంగ్లీషులో ఆలోచించి రాస్తున్నట్టుంది. అక్కడ ప్రాబబ్లీ, పెర్‌హాప్స్, పాసిబ్లీ ఒకటి కావు. ప్రాబబ్లీలో మొగ్గు అవుననే వైపే. పెర్‌హాప్స్ ఎటూ తేల్చదు. పాసిబ్లీ అంటే జరగకూడదని లేదు, అంతే. అమెరికా గూఢచారి సంస్థలో పనిచేసిన షెర్మన్ కెంట్ 1964లో ‘ప్రాబబుల్’ అంటే నూటికి 75, అటూ ఇటూ ఓ 12 అని లెక్కే కట్టాడు. మన వాతావరణ శాఖ పట్టికలో ‘లైక్లీ’ అంటే 25 నుంచి 50 శాతమే, 75 దాటితేనే ‘మోస్ట్ లైక్లీ’. నువ్వేమో అన్నిటికీ ఒకే బహుశా అంటించావు.

తెలుగులో అనుమానం ఎక్కువగా క్రియ చివర కూర్చుంటుంది. ‘వచ్చి ఉంటాడు’ అంటే దాదాపు నమ్మకమే, గుమ్మంలో చెప్పులు కనబడ్డాయి. ‘వచ్చాడు కాబోలు’ అంటే ఏదో చప్పుడు విని అనుకోవడం. ‘వచ్చాడేమో’లో ఎవరినైనా చూసి రమ్మనే తొందర కూడా ఉంటుంది. ‘రావచ్చు’తో మాత్రం జాగ్రత్త, అది అనుమతి కూడా అవుతుంది. ఇవి సరిగ్గా పడితే ముందు బహుశా అక్కర్లేదు. మలక్‌పేట పెద్దాయన ‘వచ్చిండేమో’ అంటే అలాగే ఉంచు. ఆటో అతను ‘షాయద్’ అంటే దిద్దకు.

అసలే వాడొద్దని కాదు. ఇల్లు మునిగిన ఆ ముసలామె మళ్లీ అక్కడికే ఎందుకు వెళ్లిందో నీకు తెలీదు, ఆమె చెప్పలేదు. ఆ పేరాలో బహుశా ఉండాల్సిందే. విచిత్రంగా అక్కడే ‘నిస్సందేహంగా’ అని రాశావు. అది మార్చి పంపు, ఎడిటర్‌కి నేను ఫోన్ చేస్తాను.